మూడో పాట విన్నాకే పేజీ తిప్పు

ఆదివారం, దుకాణానికి సెలవు

ఆడపడుచు గారి సముఖానికి,

వదిన చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇంత మర్యాదగా మొదలుపెట్టానంటే ఏదో పని పడిందని ఈపాటికి నీకు అర్థమయ్యే ఉంటుంది.

గొంతు ఆపరేషనయినప్పటి నుంచి నువ్వు ఫోనులో మాట్లాడటమే మానేశావు, పాట సంగతి సరేసరి. అందుకే కాగితం పట్టుకున్నాను. నీ ఫోనుకు మూడు కొత్త పాటలు పంపాను. రెండు ఈ మధ్యే వచ్చాయి. మూడోది ఇంకా రాలేదు, అది మన పిల్లది. వచ్చే శుక్రవారం విడుదల. కానీ మేనత్త ఊఁ అంటేనే బయటికి వదులుతానని, వద్దంటే పక్కన పడేస్తానని భీష్మించుకు కూర్చుంది. దాని మొట్టమొదటి పాట, తిండీ నిద్రా మానుకుని చేసింది. ఇక నీ దయ, దాని ప్రాప్తం.

మొదటి పాటలో మనిషి వాయించిందేమీ లేదు, అంతా కంప్యూటరు మోతే. మొహం చిట్లించకు. దుకాణంలో పెట్టగానే అందరి కాళ్ళూ కుట్టుమిషన్ల మీద ఒకే తాళంలో పడ్డాయి. ఆ ఊపులో మా కాజాలావిడ చొక్కాకు ముందువైపు బదులు వీపున కాజాలు కుట్టేసింది. ఆ చొక్కా తొడుక్కునే ఆయనకు గుండీలు పెట్టడానికి ఇంకో మనిషి కావాలి. అయినా పాట తియ్యనిచ్చింది కాదు మహాతల్లి. నువ్వు ఇల్లు ఊడ్చేటప్పుడు పెట్టుకో.

రెండోది గిటారు పట్టుకున్న ఓ కుర్రాడిది. నిద్ర లేచి మొహమైనా కడుక్కోకుండా పాడినట్టుంటుంది. ముందు వాడికి కాస్త కాఫీ ఇప్పించండమ్మా అన్నాడు మా కటింగ్ మాస్టరు. ఇదీ ఒక పాటేనా అని సణిగిన మీ అన్నయ్య, మర్నాడు స్నానాల గదిలో అదే కూనిరాగం తీస్తూ దొరికిపోయారు. వాన పడుతున్నప్పుడు, చేతిలో పనేమీ లేనప్పుడు విను.

మూడోదానికి మాత్రం కుదురుగా కూర్చోవాలి. అడుగున సన్నగా ఒక దరువు, దాని మీద మన పిల్ల గొంతు. మధ్యలో అది ఆగిపోతుంది. అక్కడ మాటల్లేకుండా ఎవరో ఆడమనిషి రాగం వస్తుంది. గరుకు గొంతు, పైకి వెళ్ళేచోట కాస్త చీలుతుంది, చీలినా శ్రుతి తప్పదు. కాజాలావిడ మిషను ఆపేసి, అది మళ్ళీ పెట్టమ్మా అంది. ఎవరండీ ఈవిడ, ఎంత బాగా పాడింది అన్నాడు మాస్టరు. ఆయన నోట మెచ్చుకోలు రావడం నేనింతవరకు ఎరగను. నాకు సంగీతంలో ఓనమాలు రావు గానీ, అక్కడ ఒళ్ళు జలదరించింది.

నీకు చెవి ఉంది, మొహమాటం లేదు. ఆ రాగం ఉండాలో తీసెయ్యాలో నిజం చెప్పు. వినకుండా పేజీ తిప్పావో, నా మీద ఒట్టే.

ఇట్లు,
నీ మంచి కోరే, నిన్ను వేపుకు తినే
వదిన

తా.క. విన్నావుగా? ఆ గొంతు నీదే. మొన్నామధ్య మా ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో ఎవరూ లేరనుకుని గిన్నెలు తుడుస్తూ రాగం తీశావు. పక్కగదిలో మన పిల్ల పెట్టుకున్న మైకులో అది పడింది. చెరిపేద్దామని పెట్టినదల్లా విని ఏడ్చి, తన పాటంతా దాని చుట్టూ మళ్ళీ కట్టుకుంది. అత్తకు ముందే చెబుదామంది, నేనే ఆపాను. చెప్పి ఉంటే నువ్వు పాట వినేదానివా, నీ గొంతులో తప్పులు ఏరుకుంటూ కూర్చునేదానివి. ఇప్పుడు పాడినవారు అన్నచోట తన పేరు కింద నీ పేరు కూడా వేసుకుని నీ మాట కోసం చూస్తోంది. తీసెయ్యమంటే మారుమాట్లాడకుండా తీసేస్తుంది. నాకైతే ఆ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి చూడగానే కడుపు నిండిపోయింది.