పన్నెండు అని రాసిన చోట

పిడుగుకి,

అమ్మమ్మ బోలెడు ముద్దులతో, రెండు మూడు చీవాట్లతో రాయునది. ఇక్కడ అందరం కులాసా. కులాసాగా లేనిదల్లా నా కుడి మోకాలు, మీ అమ్మ నోరు. మొదటిది మందుకు లొంగుతోంది. నువ్వు బాగానే ఉన్నావని పత్రికలో ఫొటో చూసి తెలుసుకున్నాం. బహుమతి అందుకునే తీరిక ఉంది గాని తల దువ్వుకునే తీరిక లేనట్టుంది.

నువ్వడిగిన వాటికి జవాబులు. నీ పియానోను ఎవరూ ముట్టుకోవడం లేదు. మీ నాన్న దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాడు, అంతే. జాజ్ అంటే ఏమిటో పక్కింటావిడకు చెప్పావా అన్నావు. చెప్పాను. "పదిహేడు మంది ఒకేసారి తలో మాటా మాట్లాడితే అది మా ఇల్లు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో మా మనవరాలు కాగితం మీద రాసిస్తే అది బిగ్ బ్యాండు" అన్నాను.

"మరి మధ్యలో ఒకడు లేచి ఇష్టమొచ్చినట్టు వాయిస్తాడే?" అందావిడ.

"అలాంటివాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడమ్మా. బ్యాండులో అయితే చప్పట్లు కొడతారు, ఇంట్లో మనం కొట్టం."

ఇక నువ్వడిగిన పాత కాగితాల పెట్టె సంగతి. బ్యాండు పెట్టి పదేళ్లయింది కాబట్టి, వచ్చే నెల కచేరీలో నీ మొట్టమొదటి రచనను ఆనాటి చేతిరాత కాగితాలతోనే వాయిస్తామన్నావు. పంపుతున్నాను. వాయించే ముందు, బ్యాండులో మీరంతా బాబాయి అని పిలిచే ట్రాంబోన్ ఊదే ఆయనను వెళ్లగొట్టిన కథ కూడా స్టేజీ మీద చెబుతానని రాశావు. అది చెప్పకు. ఎందుకో చెబుతాను, కాస్త కూర్చుని చదువు.

ఆ రోజుల్లో నీ దగ్గర ప్రింటరు లేదు, నా చేతిరాత ఉండేది. ఒక్కొక్కరి వంతు వేరే కాగితం మీదకు ఎక్కించేదాన్ని. ఊరుకోవలసిన చోట అడ్డగీత గీసి, ఎన్ని బార్లు, మన లెక్కలో ఎన్ని ఆవర్తాలు, ఊరుకోవాలో దాని మీద అంకె వేస్తే చాలని నువ్వే నేర్పావు. మొదటి కచేరీ రోజు పొద్దున్నే ఆఖరి పేజీ మార్చావు. "మళ్లీ రిహార్సలెందుకు అమ్మమ్మా, చూసి వాయించేస్తారు" అన్నావు. మధ్యాహ్నం లోపల పదిహేడు కాగితాలు మళ్లీ రాశాను.

సాయంత్రం జరిగింది నీకు గుర్తే. అందరూ ఠక్కున ఆగారు. బాబాయి ట్రాంబోన్ ఒక్కటే ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. నాలుగు బార్లపాటు హాలంతా నిశ్శబ్దం. డ్రమ్ములాయన దగ్గాడు. తర్వాత అందరూ ఒకరి మీద ఒకరు పడి ఎలాగో ముగించారు. లోపలికి రాగానే మిగతా పదహారు మంది ముందూ, "లెక్కపెట్టడం రానివాళ్లకు నా బ్యాండులో కుర్చీ లేదు" అన్నావు. ఆయన వాద్యం పెట్టెలో సర్దుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పిడుగూ, ఆయన లెక్క తప్పలేదు. నేను తప్పాను. ఆయన కాగితంలో ఎనిమిది అని వేయవలసిన చోట, నీ అసలు ప్రతిలో కింద వరసలో బాస్ ట్రాంబోన్‌కు ఉన్న పన్నెండు చూసి వేశాను. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పినదాన్ని.

ఇది మొన్న పెట్టె తెరిచాక తెలిసిందని రాద్దామనుకున్నాను. అబద్ధం. కచేరీ అయిన వారానికి కాగితాలు వెనక్కి వచ్చినప్పుడే చూశాను. చూసి మూత వేశాను. పిల్లల తప్పుల కింద అన్ని ఎర్రగీతలు గీసిన చేయి, తన తప్పు దగ్గరికొచ్చేసరికి ముడుచుకుపోయింది. నువ్వు చల్లబడ్డాక చెబుదామనుకున్నాను. నువ్వు చల్లబడేలోగా నీకు పేరొచ్చింది. తర్వాత ఆ కథ నువ్వు ఇంటర్వ్యూలలో చెప్పడం మొదలుపెట్టావు. విన్నప్పుడల్లా వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అయితే ఒకటి, అంకె నాది, ఆ మాట మాత్రం నీది. అందులో నాకు వాటా లేదు.

మంగళవారం ఆ కాగితం సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి బాబాయి దగ్గరికి వెళ్లాను. వాద్యాలు అమ్మే కొట్టు వెనక గదిలో రిపేర్లు చేస్తున్నాడు. బల్ల నిండా మరలు, మైనం, సొట్టలు పడ్డ ట్రంపెట్లు. కాగితం చేతికిస్తే అద్దాలు పైకి జరుపుకుని నవ్వాడు.

"ఇది నాకప్పుడే తెలుసు టీచరుగారూ. అందరూ ఆగారు, నా కాగితమూ ఆగమంది. పొద్దున్నేగా పేజీ మార్చింది, అమ్మాయికి నిశ్శబ్దం కావాలేమో అనుకున్నా. తను తిట్టాక తెలిసింది."

"మరి ఈ కాగితం దాని మొహాన కొట్టలేకపోయారా?"

"మొదటి కచేరీ. పదహారు మంది చూస్తున్నారు. లీడరు కోప్పడితే బ్యాండు నిలుస్తుందండీ. ఏడిస్తే నిలవదు."

నేను ఆయనకు చేతులు జోడించాను. మీ అమ్మకు చెప్పకు, నమ్మదు.

"ఇంకా వాయిస్తున్నారా?" అన్నాను.

"రోజూ. బాగుచేశాక పలుకుతోందో లేదో చూడాలిగా."

వచ్చే నెల కచేరీకి వస్తారా అని అడిగాను. సొట్ట తీస్తున్న ట్రంపెట్ మీంచి తలెత్తకుండా, "పిలవాల్సింది మీరు కాదు కదండీ" అన్నాడు.

నిజమే, నేను కాదు.

పెట్టె కట్టేముందు రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. చెరిపి ఎనిమిది వేయడం నిమిషం పని. వేయలేదు. నా తప్పు నా దస్తూరీలోనే నువ్వు చూడాలి. ఆ కాగితం అన్నిటికన్నా పైన పెట్టాను. దాని వెనక ఆయన ఫోన్ నంబరు రాశాను. ఈసారి అంకెలు మూడుసార్లు సరిచూశాను.

ఇట్లు,
లెక్క తప్పిన నీ అమ్మమ్మ