ఎవరూ దిగని రేవు

కరిసల్‌పట్టి, కోవిల్‌పట్టి తాలూకా
1933 జనవరి 20

ప్రియమైన గోపాలుకు,

అళగర్‌సామి రాసుకున్నది. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, మన్నించు. అక్షరాలూ తప్పులే. ల ఎక్కడ వెయ్యాలి, ళ ఎక్కడ వెయ్యాలి అన్నది తిన్నెబడిలోనే నాకు పట్టుబడలేదు. వాత్తియారు బెత్తాలు విరగ్గొట్టాడే గాని ఆ తేడా నా బుర్రకు ఎక్కించలేకపోయాడు. పక్కన కూర్చున్న నీకు తెలిసిందే. ఇప్పుడు మన ఊళ్ళో తెలుగు రాత వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాసేది అరవం. ఒకందుకు మంచిదే. ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడినా చదవలేరు.

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. మీ విరుదుపట్టి అంగడికి పొగాకు తెచ్చిన దోణి మనిషి చెప్పింది నిజమేనా? సిలోను పక్కన సముద్రంలో ఉన్న ఊర్కావల్‌తురై అనే తీవులో ఎద్దుల్ని తెలుగులో తిట్టే ముసలాడున్నాడా? ఎడమచేతికి చిటికెనవేలు లేదా? అయితే వాడు ఆండి. మా పంచవర్ణం అక్క మొగుడు.

నువ్వు ఎరిగిందే అయినా మళ్ళీ రాస్తాను. రాస్తుంటే కత్తి సానపట్టినట్టుంటుంది.

ఆ ఏడు సంక్రాంతి వచ్చే తై నెలలో అక్క కూతురికి చెవులు కుట్టాలి. మూడేళ్ళ పిల్ల. మేనమామను నేను, నా ఒడిలో కూర్చోబెట్టి కుట్టాలి. చిన్న కమ్మలు చేయించి తెద్దామని విరుదుపట్టికి వచ్చాను. తిరిగిపోయేసరికి అక్కను తోట బావి గట్టున పడుకోబెట్టారు. నీళ్ళలోంచి ఎత్తింది కావలి మాడన్. "సామీ, ఒక్క మాటే సొన్నాంగ. తళ్ళి, తళ్ళి. అంతే, ఉసురు పోచ్చు" అన్నాడు అరవంలో. ఒక్క మాటే చెప్పింది, ప్రాణం పోయింది అని. తళ్ళి అంటే తోసి. తోసి ఏమైంది? తోసేశాడు. తోసింది ఎవరు? ఆండి లేడు, పిల్లా లేదు. ముందురోజే మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవడం వీధంతా విన్నది. ఇంకేం కావాలి?

వాడి ఇంటికి నేనే నిప్పు పెట్టాను. ఊరంతా కూడే మందలో నిలబడి తలగుడ్డ విప్పి, వాడి తల తెగేదాకా నా తలకు గుడ్డ చుట్టనన్నాను. ముప్పై ఒక్క ఏండ్లు. ఈ ఎండకు నా మాడు కూడా నల్లరేగడిలాగే పగుళ్ళిచ్చింది.

ఆ తీవుకు దారి ఎట్లాగో కనుక్కో.

నీ
అళగర్‌సామి


విరుదునగరం
1933 జనవరి 29

ప్రియమైన అళగరుకు,

గోపాలసామి దండాలు. మా ఊరికి విరుదునగరమని పేరు మార్చి పదేళ్ళయింది, నువ్వింకా విరుదుపట్టి దగ్గరే ఆగిపోయావు. నీ ళలు చూసి నవ్వుకున్నాను. వాత్తియారు సమాధిలో పక్కకు తిరిగి పడుకొని ఉంటాడు.

దారి ఉంది. చెప్పకపోతే నువ్వు ఈదుకుంటూ పోతావని చెబుతున్నాను. శివరాత్రికి తూత్తుకుడి నుంచి ఒక కప్పలు సిలోనును చుట్టి వచ్చే యాత్ర పెట్టారు. తిరుకోణమలలో కోణేశ్వరుడి దర్శనం, కొలంబులో అంగళ్ళు. మధ్యలో ఊర్కావల్‌తురై దగ్గర పొగాకు ఎత్తడానికి నాలుగు గంటలు నిలుస్తుందట. అక్కడ ఎవరూ దిగరు, చూడ్డానికి ఏమీ లేదు.

నిన్న గుంటూరు నుంచి వచ్చిన పత్తి షావుకారుతో, "మా తిన్నెబడి సేక్కాడు ఈ వయసులో కప్పలెక్కుతున్నాడండీ" అన్నాను. ఆయన నోరు తెరిచి, "కప్పల్ని ఎక్కడమేమిటి, చచ్చిపోవూ పాపం!" అన్నాడు. నేను అరవపు ఓడ ఎక్కిస్తే ఆయన తెలుగు కప్పను ఎక్కించాడు. చాలాసేపు నవ్వుకున్నాం.

నవ్వు అయిపోయింది, ఇది విను. ముఖం చూడు, కావాలంటే ఉమ్మి రా. కత్తి వద్దు. నీకు అరవై ఏండ్లు. పంచవర్ణమక్క చెప్పింది ఒక్క మాటే. తర్వాతి మాట మాడనూ వినలేదు, నువ్వూ వినలేదు. మాడన్ పోయి పదేళ్ళు. మిగతా మాట ఎవర్ని అడుగుతావు?

ఇట్లు, నీ మేలు కోరే
గోపాలసామి


తూత్తుకుడి రేవు
1933 ఫిబ్రవరి 17

ప్రియమైన గోపాలుకు,

అడిగేదేమీ లేదు. తళ్ళి తర్వాత ఏముంటుందో పసిపిల్లకు తెలుసు.

కప్పలు ఎక్కబోతున్నాను. నా రేకుపెట్టెలో అడుగున వేటకొడవలి. దానిమీద పంచె. పైన శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా, ఎవరైనా తెరిచినా అదే కనబడేట్టు. ఆ చిన్న కమ్మలూ పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. వాణ్ణి నరికేముందు చూపించాలనేమో.

నాకు కొత్త మనుషులతో మాట రాదు, నీకు తెలుసు. మూల కూర్చున్నా వదలరు. పక్కన చిన్నమ్మాళ్ అని ఒక ముసలమ్మ. "ఏం తాతా, తలకు గుడ్డ లేదు గాని పెట్టెకు రెండు తాళాలా?" అంటుంది. అందరూ నవ్వారు. ఎక్కడ దిగుతావంటే ఊర్కావల్‌తురై అన్నాను.

"అయ్యయ్యో! అక్కడేముంది? కాకులూ తాటిచెట్లే!"

"నాకు పని వాటితోనే" అన్నాను. మళ్ళీ నవ్వారు. నవ్వనీ.

మళ్ళీ రాస్తే రాస్తాను. రాయకపోతే పని అయిందనుకో.

అళగర్‌సామి


విరుదునగరం
1933 మార్చి 8

ప్రియమైన అళగరుకు,

యాత్ర కప్పలు తిరిగొచ్చి వారమైంది. ఆ చిన్నమ్మాళ్ మా ఊరిదే, ఆమెతో యాత్రకు పోయొచ్చిన కొడుకును రైలడి స్టేషన్లో అడిగాను. నువ్వు తీవులో ఒక్కడివే దిగావనీ, తిరిగి ఎక్కావనీ, తర్వాత కోణేశ్వరుడి దగ్గరా దిగలేదు, కొలంబులోనూ దిగలేదు, గోడవైపు తిరిగి పడుకున్నావనీ చెప్పాడు.

పేపరు వచ్చినప్పుడల్లా తీవులో ఎవరో ముసలాణ్ణి నరికారని ఉందేమోనని వెతుకుతున్నాను. ఏం చేసొచ్చావురా? చేసినా చెప్పు, చెయ్యకపోయినా చెప్పు. నీ ళలతోనే చెప్పు.

నీ
గోపాలు


కరిసల్‌పట్టి
1933 మార్చి 14

ప్రియమైన గోపాలుకు,

చేతిరాత ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఓర్చుకొని చదువు.

కప్పలు దూరంగా ఆగింది. చిన్న దోణిలో నన్నొక్కణ్ణే దించారు. నీళ్ళ మధ్యలో పాత రాతికోట ఒకటి. గట్టున తాటిమట్టల దడులు, మేకలు, ఎండిన పొగాకు వాసన. యాత్రికుల కోసం అక్కడ ఎవరూ ఏమీ అమ్మరు. నన్ను చూసి ఒకడు, "దారి తప్పి దిగినారా, ఐయా?" అని అడిగాడు. లేదన్నాను.

గట్టు దగ్గర పొగాకు సిప్పాలు నింపిన దోణి ఇసుకలో కూరుకుపోయి ఉంది. నలుగురు మనుషులు భుజాలు ఆనించి తోస్తున్నారు. ఇంతలో ఒక ఆడమనిషి తాటిదడి దాటి పరుగెత్తుకొచ్చింది. "తళ్ళీ! ఏ తళ్ళీ!" అని కేక.

ఆ నలుగురిలో ఒకడు తలెత్తాడు. "తళ్ళిక్కొండుదానే ఇరుక్కిరం, అక్కా! ఇన్నుం ఎవ్వళవు తళ్ళ?" తోస్తూనే ఉన్నాం కదక్కా, ఇంకా ఎంత తొయ్యమంటావు అని. మిగతావాళ్ళు విరగబడి నవ్వారు. నాకు రోజూ ఆడే ఆటలాగా అనిపించింది. ఆమె కూడా నవ్వింది. దోణి వెనకనుంచి అయిదేళ్ళ ఆడపిల్ల ఇసుక చేతులతో ఆమె దగ్గరికి పరుగెత్తింది. ఆమె దాన్ని చంకనెత్తుకొని, "పిలిస్తే పలకరాదా, తళ్ళీ" అన్నది. మన తెలుగు. మన ఇళ్ళలో ఆడపిల్లను పిలిచే తళ్ళి.

నేనూ నవ్వాను గోపాలూ. ముప్పై ఒక్క ఏండ్లలో నవ్విన ఒక్క నవ్వు అది. నవ్వు మధ్యలోనే మాడన్ చెప్పిన మాట గుర్తొచ్చింది.

మాడన్ అరవవాడు. చచ్చిపోయే మనిషి నోట్లో తెలుగు మాట వాడి చెవిలో అరవమైంది. వాడి తప్పేమీ లేదు. వాడు విన్నది వాడు చెప్పాడు. సగం మాటకు మిగతా సగం అతికించింది నేను. మా అక్క కూతుర్ని ఏమని పిలిచేదో నాకు తెలియదా? రోజుకు నూరుసార్లు వినేవాణ్ణి. అరవంలో చెప్పారని అరవంలోనే విన్నాను.

ఆమె నన్ను చూసి దగ్గరికొచ్చింది. మా అక్క కూతురే. చెవులు బోడి. ముప్పై నాలుగేండ్ల ఆడమనిషి, చెవులకు తూటు కూడా లేదు.

ఆమె వెంట దడి దాటాను, నీళ్ళు తెస్తానని ఆమె ఇంట్లోకి పోయింది. అక్కడ తాటాకు చీలుస్తూ ఆండి. ఎండిపోయాడు. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినావా, బామ్మర్దీ. కొడవలి తెచ్చినావా?"

"తెచ్చినా."

"పెట్టెలో ఇంకేముండాది?"

"పాల్కోవా."

"బలే. నరికినాక నోరు తీపి చేసుకుంటావా?"

పెట్టె నేలమీద పెట్టాను. "అక్క పిల్లనే పిలిచింది కదా బావా" అన్నాను.

ఆకు చీల్చడం ఆపాడు. "ఇప్పుడు వినబడిందా నీకు? పిల్ల బావిలో పడింది. తళ్ళీ అని అరుస్తా దూకింది. పిల్లను ఎత్తి నా చేతికిచ్చింది. కాలు జారింది. మెట్టుకు తల తగిలింది. పిల్లకు ఊపిరి లేదు. ఎవర్ని చూడాలిరా నేను? పక్కతోటలో మాడన్ కనబడితే బావికాడికి రమ్మని అరిచి, పిల్లనెత్తుకొని కోవిల్‌పట్టి వైద్యుడి కాడికి పరుగెత్తినా. పిల్లకు ఊపిరొచ్చింది. మర్నాడు తిరిగొస్తే దూరంనుంచే నా ఇల్లు మండేది కనబడింది. మందలో నీ కేక వినబడింది. నా పిల్లను మోసుకొని ఆ మంటలోకి రమ్మంటావా?"

"ఒక్క ఉత్తరం రాసుంటే..."

"నువ్వు ఒక్క మాట అడిగుంటే!"

అంతలో ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఎవరు నాయనా?"

ఆండి నా ముఖంలోకే చూస్తూ చెప్పాడు. "కప్పలు దిగిన పరదేశి, తళ్ళీ. దాహమంట. నీళ్ళు పొయ్యి."

దోసిలి పట్టాను. పోసింది. "పెద్దయ్యా, నాయన మా మాటలో మాట్లాడతా ఉంటే విన్నా. మీది మా అమ్మ ఊరి వైపా?" అని ఆశగా అడిగింది. ఆండి నన్నే చూస్తున్నాడు. నన్ను ఆమెకు పరదేశిని చెయ్యడమే వాడు ముప్పై ఒక్క ఏండ్లు సానపట్టిన కత్తి, నాకు అర్థమైంది. నేను అరవంలో, "ఇల్లమ్మా. తెలుంగు తెరియాదు" అన్నాను, కాదమ్మా, తెలుగు రాదని. ఆమె ముఖం వాడిపోయింది. లోపలికి పోయింది.

పెట్టె తెరిచి కొడవలి నేలమీద పెట్టి, కమ్మలు తీసి చేతిలో పట్టుకున్నాను. ఆండి వాటిని తాకలేదు. "మేనమామ ఒడి లేని పిల్లకు చెవులెట్లా కుట్టిస్తా? పెళ్ళిలో కూడా బోడిచెవులతోనే కూర్చుంది. ఊరు నవ్వింది. ఎందుకని అడిగితే నీ మేనమామ చచ్చినాడని చెప్పినా. నువ్వు బతకాలంటే మందకు పో. ఏ మందలో నన్ను పెండ్లాన్ని చంపిన కొలకారుణ్ణి చేసినావో అక్కడ నిలబడి చెప్పు. రెండు బాషల్లోనూ చెప్పు. ఆనక దానికి ఉత్తరం రాయి. దానికి తెలుగు అక్షరాలు నేనే నేర్పినా. అరవంలో రాయొద్దు, మళ్ళీ వేరే అర్థం వస్తుంది. అది నిన్ను మామా అని పిలిస్తే పిలుస్తుంది, లేకపోతే లేదు. నేను మాత్రం క్షమించను. ఇప్పుడు కప్పలెక్కు."

పాల్కోవా మాత్రం పసిదానికని తీసుకున్నాడు. కొడవలిని పెట్టెలో వాడే తిరిగి పెట్టి మూత వేశాడు.

కోపం పోలేదు గోపాలూ. కప్పల్లో పడుకొని దాన్ని ఎవరిమీద పెట్టాలా అని వెతికాను. మాడన్ చచ్చాడు. పోట్లాట విన్న వీధివాళ్ళు చచ్చారు. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చి కూర్చుంది. ముప్పై ఒక్క ఏండ్లు పెంచిన కుక్క, ఇంకెవర్ని కరుస్తుంది?

మొన్న శుక్రవారం మందలో నిలబడ్డాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చావుతో సమానం. కొడవలి, కమ్మలు నేలమీద పెట్టి తెలుగులో చెప్పాను. తర్వాత అరవంలో చెప్పాను. ఊరి కుర్రాడు కృష్ణసామి వెనకనుంచి, "ముప్పై ఏండ్లకు చెవులు కుట్టించుకున్నావా, మామా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సరిగ్గానే అన్నాడు. పెద్దలు తలగుడ్డ తెచ్చి చుట్టుకోమన్నారు. వద్దన్నాను. ఆమె చెవులు బోడిగా ఉన్నన్నాళ్ళు నా తలా బోడే.

ఇప్పుడు ఆమెకు ఉత్తరం రాస్తున్నాను. పేరు చిన్నతాయి. కాని పేరుతో మొదలుపెట్టబుద్ధి కాలేదు. "ప్రియమైన తళ్ళికి" అని రాసి ఆగిపోయాను. పైన ఈ ఉత్తరమంతా చూడు. తోసే మాటకూ పిల్లను పిలిచే మాటకూ ఒకే ళ వేశాను. నా చేతికి ఒకటే వస్తుంది. రెంటికీ అక్షరాలు వేర్వేరని నువ్వు తిన్నెబడిలో గొడవపడినట్టు గుర్తు. అప్పుడు నవ్వాను. మిగతా మాటల్లో ఎన్ని తప్పులు పోయినా ఫరవాలేదు. ఆ ఒక్క మాట తప్పుగా పోకూడదు. ఆమె అది చదివి నన్ను తోసెయ్యి అని అర్థం చేసుకున్నా న్యాయమే, కాని నేను రాసింది అది కాకూడదు.

ఆ మాట ఎట్లా రాయాలో కార్డు మీద పెద్దగా రాసి పంపు. ఇంకేమీ రాయకపోయినా సరే. కాగితం అట్లాగే ముందు పెట్టుకొని కూర్చున్నాను. తిరుగు టపాలోనే జవాబు రాయి గోపాలూ, ఆలస్యం చెయ్యకు.

నీ
అళగర్‌సామి