ఇసాముకు వేయని బంతి

నీగాటా, సెప్టెంబరు 1956

ప్రియమైన అన్నయ్యకు,

పేపర్లో చూసే ఉంటావు. ఈ ఏడు బేస్‌బాల్ లీగ్‌లో హోమ్ రన్లు ఎక్కువ కొట్టినవాళ్లలో నేనూ, మీ జట్టు కురాటా సమానంగా ఉన్నాం. ఇక మిగిలింది మీతో మా ఆట ఒక్కటే.

నీకొక్కడికే రాస్తున్నాను. నా ఎడమ కన్ను మసకబారుతోంది. నా భార్య తొమికి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చే ఏడు నేను బ్యాట్ పట్టలేను. ఒక్కసారైనా అందరికంటే పైన నా పేరే ఉండాలని ఆశ. మేలు చేయమని అడగను. నా వెనక కూర్చుని, బంతి ఎటు వేయాలో పిచ్చర్‌కు సైగ చేసే క్యాచర్‌వి నువ్వే కదా, నాకు తిన్నగా బంతి వేయించు. కొట్టినా, పోగొట్టుకున్నా నా రాత.

తొమి నీకోసం ముల్లంగి ఊరవేసింది.

నీ తమ్ముడు,
ఇసాము

*

ఒకాయామా

ఒరేయ్ ఇసాము,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పడేశాను. కంటి సంగతి ఇంకెవరికీ చెప్పకు. ఆ రోజు ఒంట్లో బాగోలేదని బెంచీ మీద కూర్చోరాదూ? కురాటాతో సమానమైనా పేరు పేరే కదరా. నవ్వకు. నా మాట విను.

నీ అన్న,
యాసుకిచి

*

నీగాటా, అక్టోబరు

యాసుకిచి గారికి,

నేను బ్యాట్ పట్టిన ప్రతిసారీ మీరు లేచి నిలబడి చెయ్యి దూరంగా చాపారు. బంతులన్నీ అటే పడ్డాయి. అందని బంతులు నాలుగూ అయ్యాక, కొట్టే అవకాశమే లేక ఊరకే మొదటి బేస్‌కు నడిచాను. "అన్నయ్యా, కూర్చో, ఒక్కటి వేయించు" అని అందరి ముందూ బతిమాలాను. "నడువు" అన్నారు. చివరిసారి అందని బంతికి బ్యాట్ విసిరి మోకాళ్ల మీద పడితే మీ బెంచీ అంతా నవ్వింది.

తర్వాత కురాటా ఒకటి కొట్టాడు. మీవాడి కిరీటం మీరు కాపాడుకున్నారు. ఇక మనకు మాటల్లేవు.

ఇసాము

*

నీగాటా, డిసెంబరు

అన్నయ్యకు,

అక్షరాలు తొమివి, మాటలు నావి. కుడి కన్నూ వదిలేస్తోంది.

మీ పిచ్చర్ హమా నిన్న వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే కూర్చుని అంతా చెప్పాడు. నా ఆట చూసి కంటి సంగతి పసిగట్టిన మీ మేనేజర్ ఆ రోజు ఆటకు ముందు, "వాడికి లోపలికొచ్చే బంతి కనబడటం లేదు. మొహం మీదికే వెయ్యి. దెబ్బకి వాడే తప్పుకుంటాడు" అన్నాడట. నువ్వు మొహానికి పెట్టుకునే ఇనుప ముసుగు నేలకేసి కొట్టి, "దూరంగా వేయించి నడిపిస్తా. కాదంటే వేరే క్యాచర్‌ని చూసుకోండి" అన్నావట. సీజన్ అయిపోగానే నిన్ను జట్టులోంచి తీసేశారట.

నన్ను కాపాడావు. అయినా మనసు చల్లబడటం లేదు. ముందే చెప్పి ఉంటే మొహం పగిలినా అక్కడే నిలబడేవాణ్ణి. అది తెలిసే నువ్వు చెప్పలేదు. ఆ బంతికి నిలబడాలో వద్దో తేల్చుకోవలసింది నేను కదా అన్నయ్యా? అదే మింగుడు పడటం లేదు.

కొత్త సంవత్సరానికి రావద్దు. నీ మొహం చూడలేను.

ఇసాము

బావగారూ, నేను తొమిని. రావద్దని నాచేత రాయించి, ఈయనే ఒకాయామా నుంచి వచ్చేవాళ్లు ఏ బండికి దిగుతారని పక్కింటాయన్ని అడుగుతున్నారు. మీరు రండి. ఆలస్యం చేయకండి. మనిషి మొహం ఆనవాలు పట్టేంత చూపు ఇంకా ఉంది.