పదమూడో ఎక్కం

ఆళ్లగడ్డ, మే 1998, మంగళవారం

పొద్దున నంద్యాల బస్సు దిగి తమ్ముడింటికి వచ్చినా. నన్ను చూడగానే వాడి కూతురు పద్మ పెరట్లోకి ఉరికింది. మరదలు నవ్వుతా, "వదినా, ఈ సెలవుల్లోనన్నా దాన్ని ఎక్కాలు అడగొద్దు. నువ్వొస్తాండావంటేనే దడుచుకుంటాంది" అన్నది.

అడగలేదు. బనగానపల్లె మామిడిపండు కోసిచ్చినా, తినింది. ఆ తర్వాత దాంతో ఏం మాట్లాడాలో తోచలేదు. ఇరవయ్యేళ్లుగా బడిలో పిల్లల మధ్యనే ఉన్నానే! పేపరు చదువుతాన్నట్టు కూర్చున్నా.

సాయంత్రం అదే పక్కకొచ్చింది.

"అత్తా, నా మీద కోపమా?"

"లేదే, ఏం?"

"మరి ఎక్కాలు అడగవేం? నీకోసం పదమూడోది నేర్చుకున్నా."

అడిగినా. పదమూడు తొమ్మిదుల దగ్గర తప్పు చెప్పింది. సరిదిద్దకుండా "భలే" అన్నా. ఎగురుకుంటా పోయింది.

ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు. తప్పు తప్పే కదా. పొద్దున లేవంగానే చెప్పాల.