బతికున్నవాళ్ల జాబితా

చిరంజీవి చంటికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మీ నాన్న దగ్గూ క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. మెయిలు మానేసి కాగితం మీద రాస్తోందేమిటని నవ్వకు. నీ మెయిలు పెట్టెలో నా మాట ఏ జుట్టునూనె ప్రకటన కింద పడుతుందో ఎవరికెరుక?

"రోజుకి రెండొందల ప్రకటనలు వస్తున్నాయమ్మా, ఎవరు కొంటారని పంపుతారు?" అని పోయిన మెయిల్లో అడిగావు. అందరూ కొనక్కర్లేదురా. లక్షమందికి పంపితే నలుగురు కొన్నా వాళ్లకు లాభమే. పంపడానికి దాదాపు ఖర్చే లేదు. చెరిపే శ్రమ, వృథా అయ్యే పొద్దు మాత్రం మీవి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ గుట్టలో పడి నీ ఇంటర్వ్యూ పిలుపు కనబడకుండా పోయిందని రాశావు. అది చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. "అంతా వాడి టైము" అని మీ నాన్న తేల్చేశారు. టైము కాదు, నేను.

నాది ప్రకటనల ఆఫీసని మాత్రమే నీకు చెప్పాను. ఆ మెయిళ్లు పంపేది మేమే. ప్రతి మెయిలు అడుగున "ఇక పంపవద్దు" అని చిన్న మీట ఉంటుంది కదా, అది నొక్కినవాళ్ల పేర్లు నా దగ్గరికి వస్తాయి. తీసేయడానికి కాదు. మెయిలు తెరిచి అడుగుదాకా చదివే మనిషి దొరికాడని అర్థం. వాళ్లను "బతికున్నవాళ్లు" అనే జాబితాలోకి ఎక్కించడమే నా పని. దాన్ని ఇంకో పది కంపెనీలకు రెట్టింపు ధరకు అమ్ముతారు. ఆర్నెల్ల కిందట ఆ మీట నొక్కినవాళ్లలో నీ పేరూ వచ్చింది. ఒక్క పేరు తగ్గినా అడుగుతారని భయపడి, ఈ చేత్తోనే ఎక్కించాను.

మొన్న సోమవారం ఆ జాబితా మొత్తం చెరిపేశాను, కాపీలతో సహా. మేనేజరు కేకలేస్తూ వచ్చాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే. వద్దన్నారు, తీసేశాను. మీట మీద మనం రాసింది అదేగా?"

"రేపటిలోగా క్షమాపణ రాసివ్వండి. లేకపోతే ఉద్యోగం ఉండదు."

ఇంటికొచ్చి చెబితే మీ నాన్న నోరెళ్లబెట్టారు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టలేదండీ, పీకేశాను."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, భయమూ వేసింది. అయినా ఇక ఆ కుర్చీలో కూర్చోను.

క్షమాపణ మాత్రం రాశానురా. వాడికి కాదు, నీకు. ఇదే అది.

ఇట్లు,
తప్పు చేసిన, ఇక తల వంచని
మీ అమ్మ