పైకి లాగుతున్న బొమ్మ

తమ్ముడూ,

ఎదురుగా చెబితే లేచి వెళ్లిపోతావని రాసి పంపుతున్నాను. క్వారీ గుంటలో పిల్లలెవరూ దిగకూడదనే కదా నువ్వీ బొమ్మలాట మొదలుపెట్టింది. మరి మునిగిపోయిన బొమ్మను ప్రతి ఆటలోనూ పైకి లాగేస్తున్నావేం? నిన్న పక్కింటి పిల్ల ఆ గుంటలో దూకింది. జుట్టు పట్టుకుని ఈడ్చాను కాబట్టి బతికింది.

"బొమ్మ పైకొచ్చేసింది కదత్తా, నేనూ వచ్చేస్తాననుకున్నా" అంది. ఏమని తిట్టను?

ఆ బొమ్మకు నీ కూతురి గౌను ఎందుకు తొడిగావో నాకు తెలుసు. దాన్ని నీళ్లలో వదిలేయడానికి నీకు చేతులు రావు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ సాయంత్రం ఆటలో దాన్ని పైకి తేకు. నీవల్ల కాకపోతే ఆ తాళ్లు నా చేతికివ్వు.

మన పాప పైకి రాలేదురా.

అక్క