ఆయన భుజం మీద కండువా

నాన్నా,

నువ్వు చనిపోయిన బెంగతోనే ప్రతి ఆదివారం తెనాలి నుంచి బస్సెక్కి బాపట్ల పార్కుకి పోతున్నానని అమ్మ అందరికీ చెబుతోంది. దీనికి పెళ్ళి చేస్తే కుదురుకుంటుందంటాడు అన్నయ్య. నేను పోయేది విగ్రహాన్ని చూడటానికి.

నువ్వు మట్టితో మొహం వరకు చేసి పోయిన ఆ ఆఫ్రికా నాయకుడిని మన విగ్రహాల షెడ్డు పనివాళ్ళే పూర్తిచేసి నిలబెట్టారు. ఏళ్ళ తరబడి జైల్లో ఉన్న మనిషి అలసట కళ్ళ కింద అలాగే ఉంది. భుజం మీద మాత్రం కండువా వేశారు. నాయకుడంటే మనవాళ్ళ చేతులకి అదే అలవాటు.

ఇవాళ బెంచీ మీదున్న మామ్మగారు అడిగింది.

"ఏ ఊరి ఎమ్మెల్యే అమ్మా ఈయన?"

"మన దేశం కాదండి. వాళ్ళ దేశానికి స్వాతంత్ర్యం తెచ్చాడు."

"మరి కండువా ఏంటి?"

"మా షెడ్డువాళ్ళు వేశారండి."

"పోనీలే, చలికాలం కప్పుకుంటాడు."

నాకు నవ్వొచ్చింది. నువ్వయితే నవ్వేవాడివి కాదు, ఆ భుజం మళ్ళీ చేసేవాడివి.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు, కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంటికొచ్చేసరికి అన్నయ్య షెడ్డుని సిమెంటు గోడౌనుకి అద్దెకిచ్చే మాట మాట్లాడుతున్నాడు. తాళంచెవి అడిగాడు, ఇవ్వలేదు.

రేపటి నుంచి షెడ్డు నేను నడుపుతాను.